పోదుం

బావి పూడ్చేదానికి సోమవారం రమ్మని కే.వి.కుప్పం వరదప్పకు చెప్పాను. జేసీబీ అతనిదే. ఆదివారం పొద్దున నా కూతురు సింధుజ వేలూరు నుంచి వచ్చి, గుడియాత్తంలో బస్సు దిగి, ఆటోలో నేరుగా చేనికి వచ్చింది. చంకలో కాళ్ళకు తొడుక్కుని ఈదే రెండు పొడుగాటి రబ్బరు రెక్కలు.

"పూడ్చేముందు ఒకసారి అడుగు చూసొస్తా నాయనా," అంది.

వేలూరులో కాలేజీ ల్యాబులో దానికి ఉద్యోగం. సెలవులకు పుదుచ్చేరి పోయి ఈ విద్య నేర్చుకుంది. గాలి డబ్బా ఉండదు. ఊపిరి బిగబట్టి, తాడు వెంబడి నీళ్ళ అడుగుకు పోయి రావాలి. పోయి ఏం చేస్తారంటే, ఏమీ చెయ్యరు. చేప పట్టరు, పడిపోయిన చెంబు తియ్యరు. చూసి సంతోషపడతారంట.

వాళ్ళమ్మ మునియమ్మ ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో ఒక్కొక్క ఊపిరికీ పోరాడి పోయింది. ఆమె కడుపున పుట్టినది ఊపిరి ఆపడం ఆటగా పెట్టుకుంది. ఎవరికి చెప్పుకోను? చెబితే నవ్వుతారు. ఆసుపత్రికి రాని బంధువులు నవ్వడానికైతే వస్తారు.

"బోరు వేసి ఏండ్లయింది. మేకలు పడి చచ్చేదానికి తప్ప ఈ బావి ఎవురికి పనికొస్తాది?" అన్నాను.

"నాకు," అని, రాయి కట్టిన తాడు బావిలోకి వదిలింది. "ఒంటిగా మునగరాదు నాయనా. గట్టున ఒకరుండాల. నేను పైకొచ్చి వేళ్ళు సున్నా చుట్టి చూపిస్తే బాగుండానని అర్థం. తాడు మాత్రం లాగొద్దు."

నీళ్ళు తాకే మెట్టు మీద పడుకుని నిద్రపోయేదానిలా మెల్లగా ఊపిరి తీసింది. తర్వాత తలకిందులై మునిగింది. రెక్కలు ఒకసారి తళుక్కుమన్నాయి. అంతే.

మేకలు తోలుకుపోతున్న పక్కచేని తంగమ్మ ఆగింది.

"ఏమన్నా, బిడ్డను బావిలో ఏసి కాపలా కూర్చున్నావా?"

"నేనేసేదేంది? అదే పోయింది."

"దేనికి?"

"చూసేదానికి."

"మా ఆయన గూడా దిగినాడు ఒకసారి, సారాబుడ్డి పడిందని. సదువుకోనోడు గదా, పోయినందుకు ఏదో ఒకటి తెచ్చినాడు."

సింధుజ తేలింది. రొప్పింది. సున్నా చుట్టి చూపింది. మొహం వెలిగిపోతోంది.

"నాయనా! జిలేబి చేపలు మందలుగా ఉండాయి. రాతి సందులో తాబేలు కూర్చోనుండాది. ఎండ నిలువుగా అడుగుదాకా దిగతా ఉండాది!"

"పోదుం!" అని అరిచాను.

కోపమొస్తే నా నోట అరవమే వస్తుంది. తిట్లన్నీ బడిలో అరవం చెప్పే వాత్తియార్ దగ్గర నేర్చుకున్నవి. అరవంలో పోదుం అంటే చాలు అని. మన తెలుగులో పోదుం అంటే పోదాం రా అని. నేను అరవంలో అరిచాను. అది తెలుగులో విన్నది. నవ్వింది. సరిగా అలుపైనా తీర్చుకోకుండా మళ్ళీ మునిగింది.

"పోదుం అంటే మళ్ళా పోతాదేంది!" అంది తంగమ్మ.

ఈసారి రాలేదు. తాడు కదలలేదు. మెట్లు దిగాను. నా మోకాళ్ళు మెట్లకు పనికిరావు. అయినా దిగాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి తాడు పట్టుకున్నాను. లాగొద్దన్న మాట గుర్తుంది. లాగకుండా పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పిన వాళ్ళకు తెలియదు.

తాడు వదలకుండా నీళ్ళలో మొహం పెట్టాను. అంతా పచ్చగా, మసకగా ఉంది. కింద, చాలా కింద, తాడు పట్టుకుని నిలువుగా ఉంది నా కూతురు. జుట్టు పైకి లేచి ఆడుతోంది. చుట్టూ చేపలు. అది అడుగు వైపు చూడటం లేదు. పైకి, నా వైపు చూస్తోంది.

వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. ఊపిరి తీసింది. సున్నా చుట్టడం మరిచిపోయింది.

"బుద్ధుందా మే నీకు? సాలంటే మళ్ళా పోతావా?"

"సాలని యాడంటివి? పోదుం అంటివి!"

"పోదుమంటే సాలని గదా!"

నా తడిసిన పంచె వైపు చూసింది.

"నువ్వు గూడా వస్తావనుకున్నా నాయనా. అందుకే లోపల అంతసేపు ఉండిపోతి. ఇప్పుడు దిగతాడు, ఇప్పుడు దిగతాడని."

తంగమ్మ మేకలను తోలుకుని పోయింది. నేను మెట్లెక్కి పంచె పిండుకున్నాను.

సింధుజ రెక్కలు విప్పి గట్టున ఆరబెట్టింది. "పూడ్చుకో నాయనా. నేను సముద్రానికే పోతా. ఆడ ఎవురో ఒకరు ఉంటారు చూసుకునేదానికి."

ఎవరో ఒకరు. మునియమ్మ ఉన్న వేలూరు ఆసుపత్రిలో కూడా అదే చెప్పారు, నువ్వు ఇంటికి పో, చూసుకునేదానికి ఎవరో ఒకరు ఉంటారని. పోయాను. తెల్లారి వస్తే మంచం ఖాళీగా ఉంది.

గట్టున వదిలిన ఫోను తీసి వరదప్పను పిలిచాను.

"రేపు రావద్దు."

"ఏమప్పా, మట్టి లోడు గూడా చెప్పేసినాను గదా!"

"బావిలో మనిషుండాది."

"అయ్యయ్యో! ఎవురప్పా? ఎప్పుడు పడినారు? పోలీసుకు చెప్తివా?"

"నా కూతురే. సెలవు దొరికినప్పుడంతా ఉంటాది. మట్టి ఇంకెవురికన్నా తోలుకో," అని ఫోను పెట్టేశాను.