ఊ లేని డోలు

రెండో ఆల్బం శుక్రవారం పొద్దున బయటికొచ్చింది. ఆదివారం పగటి బువ్వ యాళ్లకల్లా దాని పని ఒడిసిపోయింది.

జనగామ స్టేషన్ రోడ్డుల పర్వేజ్‌కు మైక్‌సెట్టు దుకాణం ఉంది. పెండ్లిళ్లకు, మీటింగులకు సౌండు బాక్సులు కిరాయికిస్తడు. బ్యాండుల బాసు గిటారు ఆయనదే. ఆ దినం దుకాణంల ఒక బాక్సు మీద దుర్గయ్య కూసున్నడు. ఇంకో బాక్సుకు ఒరిగి పర్వేజ్ ఫోన్ల జనం రాసినయి చదువుతున్నడు. దుర్గయ్య ఆరో తరగతిల బడి ఇడిసిపెట్టిన మనిషి. తెలుగైతే కూడబలుక్కొని చదువుకుంటడు. ఇంగ్లీషు మాత్రం ఎవలన్న చదివి చెప్పాల్సిందే.

“‘మొదటి ఆల్బం ఇని రెండు దినాలు అన్నం సయించలే. ఇది ఇనుకుంట బిర్యానీ తిన్న.’ గిట్ల రాసిండు ఒకడు.”

“ఇంకోటి?”

“వద్దు దుర్గన్న. ఛాయ్ తాగుదాం పా.”

“చదువు పర్వేజ్.”

పర్వేజ్ గొంతు తగ్గించి చదివిండు. “‘గిటారు మంచిగనే ఉంది. డోలు సచ్చింది. ముసలాయన చెయ్యి అయిపోయినట్టుంది.’”

దుర్గయ్యకు నలభై ఆరేండ్లు. ముసలాయన అన్నందుకు ఆయనకు కోపం రాలే. ఆ ఆల్బంల ఒక్క పాటకు కూడా ఆయన డోలు కొట్టలేదు. ఆ సంగతి బ్యాండుల ఉన్న నలుగురికి, హైదరాబాద్‌ల స్టూడియో ఆయనకు తప్ప ఎవలకూ తెల్వదు. కొట్టని దెబ్బకు చెడ్డపేరు మోసుడు ఎట్లుంటదో, సౌండు బాక్సు మీద కూసొని దుర్గయ్య అప్పుడే నేర్చుకుంటున్నడు.

బ్యాండు పేరు మిషన్ కాంపౌండ్. పెట్టింది భాస్కర్. భూపాలపల్లిల బొగ్గుబాయి ఆఫీసుల క్లర్కు, గిటారు వాయిస్తడు, పాడుతడు. కీబోర్డు డేవిడ్‌ది, మానుకోటల చర్చిల ఆదివారం ఆదివారం పాటలకు వాయించేది ఆయనే. వీళ్లు చేసేదాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటరట. భాస్కర్ మొదటిసారి కూసోబెట్టి చెప్పిండు: పాట మూడు నిమిషాలల్ల ఒడువదు, ఇరువై నిమిషాలు పోతది, నడుమ తాళం మారుతది, ఆల్బమంత కలిసి ఒకటే కథ అయితది. దుర్గయ్య అంత ఇని, “గది ఒగ్గుకథే గదరా తమ్మి, మా తాత చేసింది గదే” అన్నడు. ఆ ఒక్క మాటకు భాస్కర్ ఆయన్ను ఇడిసిపెట్టలే.

దుర్గయ్య వాళ్లది ఒగ్గుకథ చెప్పే ఇల్లు. ఎనిమిదేండ్లప్పుడే నాయిన మెడల డోలు ఏసిండు. కథ జెప్పెటోడు ఒక మాట ఇడుస్తడు. ఇనెటోడు ఊ అంటడు. ఆ ఊ పడ్డంకనే డోలు మీద దెబ్బ పడాలె. ఊ పడలేదంటే మాట ఇంకా అందలేదన్నట్టు. అందకముందే కొడితే నాయిన తాళం చిప్పతోని నెత్తిమీద ఒక్కటిచ్చెటోడు. గట్ల దెబ్బలు తిని తిని దుర్గయ్య చెయ్యి ఊ కోసం ఆగుడు నేర్చుకున్నది. బడిల ఏ సారూ ఆయనకు అంత మంచిగ ఏదీ నేర్పలే.

మొదటి ఆల్బం ‘మట్టి కింద ఊరు’. బొగ్గు కోసం తవ్వంగ తవ్వంగ ఒక పల్లె మాయమైన కథ. మానుకోట మిషన్ కాంపౌండ్ హాల్ల, మూడేండ్ల కింద, ఎండకాలం ఆరు దినాలల్ల రికార్డు చేసిండ్రు. హాలు ఊడ్చే సత్తమ్మ రోజు పొద్దుగాల చీపురు పక్కకు పెట్టి గోడకు ఒరిగి కూసునేది. గిటారు మోతకు మొకం వంకర పెట్టేది గనీ భాస్కర్ కథ పాడుతాంటే మాత్రం ప్రతి మాటకు ఊ అనేది. ఎవలూ అనుమనలే, ఎవలూ పట్టించుకోలే. కథ ఇంటున్న మనిషి ఊ అనకుండ ఎట్లుంటది? ఆ ఊ ఇని దుర్గయ్య కొట్టిండు. సత్తమ్మకు ఒక మాట జల్ది అందేది, ఒక మాట ఆలిశంగ అందేది. కొన్ని మాటలకు గొంతు పూడుకపోయి ఊ రానేకపోయేది. డోలు కూడా గంతసేపు ఆగేది.

బొంబాయి పత్రికొకటి ఆ డోలు గురించే సగం పేజీ రాసింది. ఏడు దెబ్బలట, ఎనిమిదోది ఒకసారి సగంల వస్తదట, ఒకసారి పావుల వస్తదట, ఈ లెక్క దేశంల ఎవలకూ దొరుకదట. భాస్కర్ అది చదివి, “అన్నా, నువ్వు లెక్క ఏసే కొట్టినవా?” అని అడిగిండు. దుర్గయ్య నవ్విండు. సత్తమ్మ పేరు చెప్పలే. పూణె పోయిండ్రు, బెంగుళూరు పోయిండ్రు. గడ్డాలు పెంచిన పోరగాండ్లు వచ్చి ఆయన చేతులు పట్టుకొని సూసిండ్రు. పుట్టి బుద్ధెరిగినంక ఆయన చేతిని ఎవలన్న గట్ల పట్టుకున్నది గప్పుడే. గసుంటప్పుడు నడుమల చీపురు ముసలమ్మ ముచ్చట ఎందుకు తెస్తడు?

రెండో ఆల్బంకు హైదరాబాద్ పోయినంక కత బయటపడ్డది.

అది అద్దాల అర్ర. దుర్గయ్యను ఒక్కన్ని లోపల కూసోబెట్టి చెవులకు డొప్పలు పెట్టిండ్రు. డొప్పలల్ల టిక్, టిక్, టిక్ అని ఒకటే సప్పుడు. దాన్ని క్లిక్ అంటరు; దాని ఎంబడి కొట్టాలె. దుర్గయ్య ఏడు దెబ్బలు కొట్టిండు, ఆగిండు. క్లిక్ పోతనే ఉంది. మల్ల మొదటి నుంచి. మల్ల ఆగిండు.

అద్దం అవుతల నుంచి స్టూడియో ఆయన మైకుల అడిగిండు. కోస్తా మనిషి, బహు మర్యాద. “ఎందుకు ఆగిపోతున్నారండీ ప్రతిసారీ?”

“ఊ రాలే.”

“ఏం రాలేదండీ?”

“ఊ, సార్. ఎవలన్న ఊ అనాలె గద.”

అద్దం అవుతల ఆయన భుజాలు కదిలినయి. నవ్వు ఇనబడలే, కనబడ్డది. భాస్కర్ మాత్రం నవ్వలే. తలుపు తీసుకొని లోపలికొచ్చిండు. “అన్నా, మొదటి దాంట్ల ఎవలు అన్నరు ఊ?”

అప్పుడు చెప్పిండు దుర్గయ్య. మూడేండ్లు దాసిన ముచ్చట మూడు మాటలల్ల అయిపోయింది. “సత్తమ్మను తోలుకొద్దాం” అన్నడు చివరికి.

“హాలు ఊడ్చే ఆమెనా? ఇక్కడికా?” భాస్కర్ మొకంల ఏదో వాడిపోయింది. “ఆ పత్రిక రాసిందంత ఆమె గురించా అయితే?”

తోలుకరాలే. డేవిడ్ తెలివి జేసిండు. పాత రికార్డుల నుంచి సత్తమ్మ ఊ ఒక్కదాన్ని కోసి తెచ్చి, ఎక్కడెక్కడ కావాల్నో అక్కడక్కడ డొప్పలల్ల పెట్టిండు. సత్తమ్మ గొంతే. దుర్గయ్యకు పానం లేసొచ్చింది. నాలుగు వరుసలు కొట్టిండు. అయిదో వరుసకు చేతులు సల్లబడ్డయి. కథల ఊరు మునిగినా అదే ఊ. పిల్ల సచ్చినా అదే ఊ. మాట మొదలువెట్టకముందే ఊ.

డొప్పలు తీసి కింద పెట్టిండు. “ఇది ఇంటలేదు డేవిడ్. ఉత్తగ అంటున్నది.”

మూడో దినం ఆయనతోని ఒక్కొక్క దెబ్బ ఇడిగ కొట్టిచ్చుకున్నరు. ఎడమ చేతిది ఒకటి, పుల్లది ఒకటి, అంచు మీదిది ఒకటి. ఇటికెలు పేర్చినట్టు వాటిని కంప్యూటర్ల పేర్చి ఆల్బమంత లేపిండ్రు. “నీ దెబ్బలే గద అన్నా, వరుస మాత్రమే మాది” అన్నడు భాస్కర్. దుర్గయ్య సరే అన్నడు. సరే అనకపోతే మల్ల పూణె లేదు, బెంగుళూరు లేదు. అంత తెలిసే అన్నడు.

పర్వేజ్ చదివిన ఆ మాటలు నెల తిరగకముందే ఊర్లెకు నడిచొచ్చినయి. దుర్గయ్య పెద్దనాయిన కొడుకు కొంరెల్లి ఇప్పుడు వాళ్ల ఇంటి కథకుడు. పాలకుర్తి ఆటోల కలిసినప్పుడు పదిమంది నడుమ అడగనే అడిగిండు. “ఏందిరా దుర్గి, నీ చెయ్యి పోయిందంటున్నరు? నా కొడుకు ఫోన్ల ఇనిపిచ్చిండు. మిల్లు ఆడినట్టే ఉన్నది.”

దుర్గయ్య తెల్లారి భూపాలపల్లి బస్సెక్కిండు.

భాస్కర్ క్వార్టర్ల లుంగీ మీద ఉన్నడు. గడ్డం మాసింది. ఆల్బం దెబ్బకు ఆయనా నిద్ర పోతలేడని సూడంగనే తెలుస్తది.

“నేను కొట్టలేదని రాయి భాస్కర్” అన్నడు దుర్గయ్య, మంచినీళ్లు కూడా తాగకుండ.

“ఎక్కడ రాయాలె?”

“గా తిట్లు ఎక్కడ రాసిండ్రో అక్కడనే. కంప్యూటర్ కొట్టిందని రాయి.”

“రాస్తనే. ఎందుకు కొట్టలేదని అడుగుతరు. ఏం జెప్పాలె? కొట్టరాలేదని చెప్పాల్నా? ఊడ్చే ఆమె ఊ అంటేనే కొడుతడని చెప్పాల్నా? మొదటి ఆల్బం పేరు కూడా పోతదన్నా. రెండిట్ల ఒకటన్న ఉండనియ్.”

చెప్తే చేతగాని చెయ్యి అంటరు, చెప్పకపోతే సచ్చిన చెయ్యి అంటరు. దుర్గయ్యకు నాయిన ఇచ్చింది ఆ చెయ్యి ఒక్కటే. భూమి లేదు, చదువు లేదు.

“ఒక తొవ్వ ఉంది” అన్నడు భాస్కర్. “రెండు నెలలకు ఇక్కడ ప్రోగ్రాం పెడ్తున్నం. రెండో ఆల్బమంత స్టేజీ మీద. కంప్యూటర్ ఏదైతే కొట్టిందో గదే నువ్వు చేతితోని కొట్టు, అందరు సూస్తుండంగ. అప్పుడు ఎవడంటడు చెయ్యి పోయిందని?”

క్లిక్ సప్పుడును భాస్కర్ ఆయన ఫోన్లకెక్కిచ్చి పంపిండు.

రెండు నెలలు. పొద్దుగాల ఆరుకు డోలు మెడల ఏసుకునుడు, చెవుల టిక్ టిక్ పెట్టుకునుడు. మొదటి వారం చెయ్యి ఆగుడు మానలే. ఏడో దెబ్బ కాంగనే గాలిల నిలబడేది, పెద్దమనిషి లోపలికొచ్చెదాక ఆగినట్టు. దాన్ని దుర్గయ్య ఎద్దును అదిలిచ్చినట్టు అదిలిచ్చిండు. పుల్ల జారి మెటికలు పగిలినయి. మూడో వారం నుంచి ఆగుడు తగ్గింది. ఆరో వారానికి నడుస్తాంటే అడుగులు కూడా టిక్ టిక్ మీదనే పడుతున్నయి. బువ్వ నములుతాంటే దవడ కూడా గంతే. నెత్తిమీద చిప్ప దెబ్బలతోని వచ్చిన విద్యను ఎల్లగొట్టెతందుకు అరువై దినాలు పట్టింది. కొసకు ఆయనకు గర్వం కూడా అయ్యింది. ఈ వయసుల ఎవడు నేర్చుకుంటడు గిది?

భూపాలపల్లి ప్రోగ్రాంకు నాలుగు వందల మంది వచ్చిండ్రు. మూడో పాటకు రెండు వందలయ్యిండ్రు. మొదటి ఆల్బం వాయించుమని ఎనుక నుంచి ఎవడో రెండుసార్లు అరిసి, తరువాత వాడు కూడా లేసిపోయిండు. దుర్గయ్య ఒక్క దెబ్బ తప్పలే. స్టేజీ దిగంగనే డేవిడ్ చెయ్యి కలిపిండు. “కంప్యూటర్‌కు నీకు ఎంట్రుకంత తేడా లేదన్నా.” మెచ్చుకోలుకే అన్నడు. చెయ్యి పోయిందని మల్ల ఎవలూ రాయలే. అసలు ఏదీ రాయలే. భాస్కర్ డ్యూటీల పడ్డడు, డేవిడ్ చర్చిల పడ్డడు, పర్వేజ్‌కు పెండ్లిళ్ల సీజన్ వచ్చింది. బంద్ చేస్తున్నమని ఎవలూ అనకుండనే బ్యాండు బంద్ అయ్యింది.

మాఘమాసంల లింగాల ఘనపూర్ కాడ ఒక ఇంట్ల పట్నాలేసుకున్నరు. వాకిట్ల రంగుల ముగ్గేసి, దేవుని కథ చెప్పిచ్చుకునే మొక్కు అది. కొంరెల్లికి డోలు కొట్టే మనిషి జరమొచ్చి దవాఖానల పడ్డడు. కొంరెల్లి ఫోను జేసిండు. “రారా దుర్గి. మనోళ్ల నోర్లు మూయిద్దువు.”

దుర్గయ్య తలస్నానం చేసి పోయిండు. పొద్దటి పూట, వాకిలి నిండ ఆడోళ్లు, మొగోళ్లు, సుట్టాలు. కొంరెల్లి గజ్జెలు గట్టి లేసిండు. కథల తల్లి కొడుకును అడవిల ఇడిసి వచ్చే కాడ గొంతు దించి, ఒక మాట ఇడిసిండు. వాకిట్ల జనం ఊ అనెతందుకు నోరు తెరిసిండ్రు. తెరిసిన నోట్లె ఊ ఉండంగనే డోలు పడ్డది.

కొంరెల్లి కండ్లు తిప్పి సూసిండు. ఇంకో మాట ఇడిసిండు, ఈసారి నిమ్మలంగ. డోలు మల్ల ముందుగాలనే పడ్డది. దుర్గయ్య పండ్లు బిగపట్టిండు. ఆగు అని చెయ్యికి చెప్పిండు. చెప్పిన మాట చెయ్యికి పోయేలోపట అది ఇంకో రెండు దెబ్బలు కొట్టింది. చెవుల డొప్పలు లేవు, ఫోను లేదు. టిక్ టిక్ మాత్రం ఉంది.

“ఎవలన్న తరుముతున్నరా నిన్ను?” అన్నడు కొంరెల్లి, కథల మాట లెక్కనే, నవ్వుకుంట. వాకిలంత నవ్వింది. మల్ల అట్లనే పడ్డప్పుడు ఎవలూ నవ్వలే. ఒక ముసలాయన తువ్వాల దులుపుకొని లేసి గోడ పక్కకు పోయి నిలబడ్డడు. దేవుని కథ ఇరిగితే ఇంటికి మంచిది కాదు. ఆ ఇంటామె మొకంల నెత్తురు సుక్క లేదు.

కొంరెల్లి తిట్టలే. దగ్గరకొచ్చి, దుర్గయ్య మెడల నుంచి డోలు తాడు తనే తీసిండు, పెండ్లికొడుకు దండ తీసినంత మెల్లగ. “జర కూసో తమ్మి. నాకు తాళం సాలు” అన్నడు. డోలును గోడకు ఆనిచ్చి, మల్ల ఆ తల్లి అడవిలకు నడిసే కాడి నుంచి ఎత్తుకున్నడు.

దుర్గయ్య ఆడోళ్ల ఎనుక, చాప అంచుకు కూసున్నడు. కథ ముందటికి పోయింది. కొంరెల్లి గొంతు మంచిగ పలుకుతున్నది. కొట్టుడు పోతె పోయింది, ఇనుడన్న ఉన్నది గద అనుకున్నడు. అందరి లెక్కనే తను కూడా ఊ అన్నడు.

ముందట కూసున్న ఒక పెద్దమనిషామె ఎనుకకు మర్రి సూసింది. కోపం లేదు ఆమెకు.

“జర ఆగు కొడుకా” అన్నది. “ఆయన ఇంకా చెప్పనే లేదు.”