పెరిగే న్యాయపీఠం

ఫెడరల్ జడ్జి ఎలిఫలెట్ క్రాండల్ పొద్దున ఎనిమిదింటికి నిచ్చెన ఎక్కడం మొదలుపెడితే, పీఠం మీద కూర్చునేసరికి పది కొట్టేది. ఒహాయో నది ఒడ్డునున్న ఆ ఊరికి తన ముప్పై నాలుగో ఏట జడ్జిగా వచ్చినప్పుడు పీఠం నడుమెత్తే. తర్వాత ఇరవై ఆరేళ్ళూ ఏటా నిలువెడు చొప్పున పెరిగింది. వడ్రంగి ఏటేటా నిచ్చెనకు మెట్లు అతికేవాడు, కప్పు ఇంకాస్త పైకి లేపేవాడు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. కాగితాలూ, భోజనమూ తాడు కట్టిన బుట్టలో పైకెళ్ళేవి.

ఆయనకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఒకప్పుడు పొలం తగాదా వస్తే గుర్రమెక్కి వెళ్ళి, రైతు ఇంట్లో మొక్కజొన్న రొట్టె తిని, హద్దురాయి కళ్ళారా చూసి తీర్పు చెప్పినవాడు. ఇప్పుడు కనిపించేవి టోపీలు. వినిపించేవి పావురాలు.

ఆ మార్చి ఉదయం బుట్టలో ఒక ఉత్తర్వు వచ్చింది. లూసీ అనే బానిస, బానిసత్వం చెల్లే అవతలి ఒడ్డు కెంటకీ నుంచి నది దాటి పారిపోయి దొరికింది, యజమానికి అప్పగించాలి. సంతకం ఒక్కటే తక్కువ. కింద ఎవరో ఆడమనిషి ఏదో అంటోంది.

"ఏమంటోంది?" అని అరిచాడు.

"ఆమె మాట చట్టం వినక్కర్లేదండీ! సంతకం పెట్టెయ్యండి!" యజమాని తరఫు వకీలు వాన్స్ గొంతు చించుకున్నాడు.

"వినాలో వద్దో తేల్చడానికైనా నాకు వినబడి చావాలిగా!"

కలం విసిరికొట్టి దిగడం మొదలుపెట్టాడు. "ఇక మధ్యాహ్నం దాకా పని జరిగినట్టే!" అని గుమాస్తా హిగ్బీ నెత్తి కొట్టుకున్నాడు.

ఆయన నేల మీదికి దిగేసరికి, సంకెళ్ళతో నిలబడ్డ నల్లజాతి స్త్రీ కూడా విసిగిపోయే ఉంది. "లూసీని కాదని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా బాబూ. నా పేరు కెజాయా. ఈ ఊళ్ళోనే పుట్టాను, బానిసగా కాదు. నాలుగిళ్ళ దుప్పట్లు నీళ్ళలో నానుతున్నాయి. లూసీకి ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఉందని ఇందాక మీవాళ్ళే చదివారుగా. చూడండి."

చూశాడు. మచ్చ లేదు.

"కింద ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ కళ్ళు లేవా?"

"కింద నిలబడి చెప్పే తీర్పు చెల్లదు," అన్నాడు వాన్స్. "పీఠం మీద కూర్చోవాలి!"

"ఎక్కుతానయ్యా, ఎక్కి చస్తాను!" మూలుగుతూ వెనక్కి తిరిగాడు.

పీఠం ఆయన మోకాళ్ళ పక్కనే ఉంది, ముక్కాలిపీటంత ఎత్తులో. కూలబడ్డాడు. హిగ్బీ బుట్ట పక్కకు నెట్టి, కలం చేతికే అందించాడు. ఈమె ఆమె కాదు, విడిచిపెట్టండి అని రాసి జడ్జి సంతకం చేశాడు. సంకెళ్ళు విప్పారు.

కెజాయా కదల్లేదు. "రేపు రేవులో ఇంకొకడు పట్టుకుంటే? ఆ ముక్కేదో నా చేతికివ్వండి."

సణుక్కుంటూ ఇంకో కాగితం తీసి, స్వతంత్రురాలు అని రాసి తలెత్తాడు. "నీ పేరు ఎలా రాస్తారమ్మా?"

ఆమె వంగి ఒక్కో అక్షరమే చెప్పింది. మూడోది తప్పు రాశాడు. కొట్టేయించి, కొత్త కాగితం మీద మళ్ళీ రాయించుకుంది.