ఉర్దూ వకీలు

"అమ్మగారూ, సారుగారికి ఇష్టమైన కూరేదండీ?"

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తిరుపతమ్మ తలెత్తి చూసింది. ఎదుటి సోఫాలో వెంకటేశ్వరరావు పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. నిరుడు పోయిన ఆమె భర్త వకీలు సీతారాములు జీవితచరిత్ర రాస్తున్నాడు. పుస్తకం పేరు 'న్యాయదీపం'. రెండు వందల పేజీలు పూర్తయ్యాయి. భార్య గురించి అరపేజీ మిగిలింది. ఆ అరపేజీ కోసం ఈ ప్రశ్న.

"గుత్తొంకాయ అని రాయుండ్రి సార్," అన్నాడు కొడుకు మహిపాల్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

గుత్తొంకాయ మహిపాల్‌కు ఇష్టం. సీతారాములు వంకాయ ముక్క నోట్లో పెట్టుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. తిరుపతమ్మ ఆ సంగతి చెప్పలేదు. చదువుకున్న మగవాళ్ళిద్దరు కలిసి ఒక పోయినవాడికి వంకాయ తినిపిస్తుంటే మధ్యలో అడ్డుపడటం దేనికనిపించింది.

మహిపాల్ ఎల్‌.బి.నగర్ కోర్టులో వకీలు. వచ్చే నెల వకీళ్ళ సంఘం ఎన్నికల్లో నిలబడుతున్నాడు కాబట్టి తండ్రి మీద భక్తి ఈమధ్యే పొంగింది. ఆదివారం సభ. అమ్మ వేదిక మీద కూర్చోవాలి, శాలువా కప్పించుకోవాలి, తాను రాసిచ్చిన రెండు వాక్యాలు చదవాలి. భోజనాల బల్ల దగ్గర కోడలు స్వప్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, సోమవారం మహిపాల్ కోర్టులో వేయబోయే పిటిషన్ టైపు చేస్తోంది. స్వప్న కూడా లా చదివింది. మూడేళ్ళు ప్రాక్టీసు చేసింది. పాప పుట్టాక, "ఇంట్లనే ఉంటవు గద, జర గీ డ్రాఫ్టు చూడు" అని మొదలైంది. పదకొండేళ్ళయింది, ఆ 'జర' ఇంకా అయిపోలేదు. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఒక పేరా పూర్తి చేయడం ఆ అమ్మాయికి అలవాటైపోయింది. కింద సంతకం మాత్రం మహిపాల్‌ది.

"ఈ అధ్యాయం వినండమ్మా, భలే కుదిరింది," అంటూ వెంకటేశ్వరరావు కాగితాలు తిప్పి గొంతు సవరించుకున్నాడు. "నిజాం కాలపు భూమి రికార్డులు ఉర్దూలో, అందులోనూ గొలుసుకట్టు రాతైన షికస్తాలో ఉండేవి. ఆ రాతను ఔపోసన పట్టిన మహామేధావి సీతారాములు గారు. తాలూకా మొత్తంలో ఆయనకు సాటి లేదు. అందుకే ప్రజలు ఆయనను 'ఉర్దూ వకీలు' అని గౌరవంగా పిలుచుకున్నారు." ఆగి, మహిపాల్ వైపు తిరిగాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ నాన్నగారు?"

"ఎవరో మౌల్వీ సాబ్ అని చెప్తుండె."

తిరుపతమ్మకు నవ్వొచ్చింది. చిక్కుడుకాయల పళ్ళెం మీదికి వంగి ఆ నవ్వును దాచుకుంది. ఉర్దూ వకీలుకు ఉర్దూలో ఒక్క అక్షరం రాదు.

వచ్చింది తిరుపతమ్మకు. తండ్రి అంతయ్య తాలూకా కచేరీ ముందు చెట్టు నీడలో అర్జీలు రాసే మున్షీ. ఆయన కళ్ళకు పొరలు కమ్మినప్పుడు ఇంట్లో ఉన్నది ఎనిమిదేళ్ళ కూతురు ఒక్కతే. పలక మీద అలిఫ్, బే దిద్దించి, పన్నెండేళ్ళు వచ్చేసరికి సేత్వార్లు, పహాణీలు లాంటి పాత భూమి రికార్డులు గడగడా చదివేలా చేశాడు. పదిహేడో ఏట పెళ్ళయింది. రెండో ఏడు ఒకరోజు మొగుడు ముందుగదిలో ఒక పాత కాగితం పట్టుకుని చెమటలు కక్కుతుంటే, లోపల కారం దంచుతున్న ఆమె చేతులు కడుక్కుని వచ్చి, నిలబడే మొత్తం చదివి చెప్పింది. కాగితంలో ఏముందో విన్నాక సీతారాములు మొదట వీధి తలుపు వైపు చూశాడు. "ఎవరన్న ఇన్నరా?" అన్నాడు. పెళ్ళాం చదువు మీద ఆయన ఇచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. ఆ తర్వాత యాభై ఏళ్ళలో రెండోది రాలేదు. ఆనాటి నుంచి కాగితాలు వంటింట్లోకి వచ్చేవి. పొయ్యి ముందు కూర్చుని ఆమె చదివేది, తెలుగులో రాసిచ్చేది, వాదంలో ఏ ముక్క పనికొస్తుందో కూడా చెప్పేది. కాగితం పై అంచు ఏదో ఆయనకు తెలియడానికి మూలన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేది. ఒకసారి చుక్క పెట్టడం మరిచిపోతే, కోర్టులో కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుంటూ పావుగంట చదివాడు. మున్సిఫ్ గారు శ్రద్ధగా తల ఊపారు. ఆయనకూ ఉర్దూ రాదు. ఆ రోజు కేసు గెలిచి వచ్చి, సీతారాములు ఆమె మీద పళ్ళెం విసిరాడు, చుక్క ఏదని.

"ఆడది షికస్తా సదువుతదని తెలిస్తే కచేరీల నా ఇజ్జతేముంటది?" అనేవాడు. "మగని కాయితాల మధ్యల నీకేం పనే, పప్పు అడుగంటుతుంది సూడు," అనేది అత్త, ఆ కాగితాలతోనే ఇంట్లోకి పప్పు వస్తోందని తెలిసి కూడా. ముందుగదికి వచ్చిన పెద్దమనుషులతో సీతారాములు జాలిగా చెప్పేవాడు: "మా ఇంట్లామెకు ఏం తెల్వదు, పాపం. ఒట్టి అమాయకురాలు." లోపల అమాయకురాలు ఆ పెద్దమనుషుల తాతల కాలపు కబ్జాలు, దొంగ సంతకాలు వరుసగా చదువుతూ ఉండేది. ఊరు ఊరంతా దండం పెట్టే మనిషి ఎంత బోలుగా ఉంటాడో దగ్గర నుంచి చూడటం ఒక విధంగా వినోదమే. ఏవగింపు మరీ ముదిరితే అన్నంలాగా రోజూ తినగలిగే వస్తువవుతుందని ఆమె అప్పుడే తెలుసుకుంది.

"ఇక ఇది ముగింపు అధ్యాయమండీ," వెంకటేశ్వరరావు గొంతు ఆర్ద్రంగా మారింది. "బీదరాలైన ఎలీశమ్మ కేసును పైసా పుచ్చుకోకుండా చేపట్టి, ఊరు రెండు ముక్కలు కాకుండా ఇరుపక్షాలనూ రాజీకి ఒప్పించిన ఆ ఘట్టం సారుగారి మానవత్వానికి పరాకాష్ఠ."

తిరుపతమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"ఆమె గిప్పుడు మీర్‌పేట్‌ల ఉంటుందమ్మా," అన్నాడు మహిపాల్ హుషారుగా. "కారు పంపిస్తున్న. స్టేజీ మీద నాన్న ఫొటోకు ఆమెతోని దండ ఏపిద్దాం. పేపరోళ్ళు ఫొటో తీస్తరు."

నలభై మూడేళ్ళ కిందటి సంగతి. మూడెకరాల ఇరవై గుంటలు. ఎలీశమ్మ, ఆమె మొగుడు కొమరయ్య తరాలుగా దున్నుకుంటున్న చెలక. ఊరి పటేల్ అది తనదన్నాడు. ఎలీశమ్మ ఒక పాత ఉర్దూ కాగితం చీరకొంగులో కట్టుకుని వచ్చి వాకిట్లో కూర్చుంది. తిరుపతమ్మ చదివింది. కొమరయ్య తండ్రి ఎల్లయ్య పేరు, సర్వే నంబరు, హద్దులు, కచేరీ ముద్ర, అన్నీ ఉన్నాయి. "భూమి వీళ్ళదే. ఇగ మాట్లాడేదే లేదు," అంది మొగుడితో. ఆ పటేల్ కేసులు, ఆయన చుట్టాల కేసులు అన్నీ సీతారాములు దగ్గరే ఉన్నాయి. "నువ్వు సదివినవ్, నేను ఇన్న. బయట చెప్పే పని లేదు," అని లేచి వెళ్ళి, కాగితం తిరిగిచ్చి, అందులో ఏమీ లేదని ఎలీశమ్మకు చెప్పాడు. వారం తిరగకుండా చెలక పటేల్‌కు వదిలేసుకున్నట్టు రాజీ కాగితం మీద ఆలుమగలిద్దరితో వేలిముద్రలు వేయించాడు. ఆ ఏడే వాళ్ళు ఊరు విడిచారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మామిడికాయలు ఏరి బుట్టలకెత్తే పనిలో చేరారని తర్వాతెప్పుడో తెలిసింది. కొమరయ్య ఆ మార్కెట్లోనే పనిచేస్తూ చనిపోయాడు.

మర్నాడు మహిపాల్ కోర్టుకు వెళ్ళాక తిరుపతమ్మ కోడలితో అంది: "స్వప్నా, నన్ను జర మీర్‌పేట్ తోల్కపోతవా?"

ఆటోలో పోతూ కోడలికి మొత్తం చెప్పింది. దిగేటప్పుడు స్వప్న, "పెన్సిల్ చుక్కనా అత్తమ్మా?" అంది, నమ్మలేనట్టు.

రెండు గదుల ఇల్లు. గోడకు సిలువ, పక్కన కొమరయ్య ఫొటో. ఎలీశమ్మ మంచం మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉంది. గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. "కూసో వకీలమ్మా," అంది. ఆమె మనవరాలు జోస్నా, ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే పిల్ల, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

తిరుపతమ్మ నాన్చకుండా చెప్పేసింది. "ఎలీశమ్మా, ఆ దినం నీ కాగితంల నీ మామ పేరున్నది. నేనే చదివి ఆయనకు చెప్పిన. ఆయన నీకు లేదన్నడు."

"ఎరుకే."

"ఏందీ?"

"నాకెరుకే అంటున్న." ఎలీశమ్మ గొంతులో కోపం లేదు. "నేను వాకిట్ల మునగచెట్టు కింద కూసున్న. వంటింటి కిటికీ తెర్సే ఉండె. నువ్వు సదువుతున్నవ్. ఉర్దూ మాటలు నాకు సమజ్ గాలే గని, ఎల్లయ్య, ఎల్లయ్య అని మా మామ పేరు రెండుసార్లు ఇనవడ్డది. పానం లేశొచ్చింది. ఇంతల సారు బయటికొచ్చి ఏం లేదన్నడు. నేను ఆయన మొకం సూడలే వకీలమ్మా. వంటింటి తలుపు దిక్కు సూసిన. నువ్వొచ్చినవ్. సెంబుతోని నీళ్ళు తెచ్చినవ్. ముట్టుకోకుంట పైనుంచి పోసినవ్. నీ చెయ్యి గూడ వణకలే."

మొగుడి మీద, అత్త మీద, కోర్టుల మీద, నల్లకోట్ల మీద ఇన్నేళ్ళుగా తిరుపతమ్మ పోగుచేసుకున్న ఏవగింపు ఆమెకు బాగా పరిచయమైనదే. దానిలో కూర్చుని తాను వాళ్ళందరికంటే ఒక మెట్టు పైన ఉన్నాననుకుంది. ఆ మెట్టు మీద నిలబడే ఎలీశమ్మ దోసిట్లోకి నీళ్ళు పోసింది. ఆ ఏవగింపు ఇప్పుడు తన వైపు తిరిగితే, చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆదివారం సభల అందరి ముంగట చెప్త," అంది చివరికి.

"సభల జెప్తే ఏమైతది? ఇని, బిర్యాని తిని పోతరు. అమ్మకు సోయి లేదు, వయసు మీదవడ్డది అని మీ కొడుకే మైకు గుంజుకుంటడు. దండ ఏయనీకి నేను రానని ఫోన్ల జెప్పిన, ఆయనకు ఇనవడలే. నాకు కాగితం మీద గావాలె. మేం ఆగమైందే కాగితంతోని."

జోస్నా అందుకుంది. "మా నాన్న రెండేండ్ల నుంచి తిరుగుతుండు అమ్మా. ఆ చెలకల గిప్పుడు ప్లాట్లు చేస్తున్నరు. కాగితంల ఏముందో మాకు తెల్సు, చదివించినం. కాని రాజీ అయింది గద అంటున్నరు. తెలిసే మోసం చేసిన్రని చెప్పేటోళ్ళు ఉంటే కేసు నిలవడతదట. పటేల్ లేడు, వకీల్ సాబ్ లేడు. ఎవరు చెప్తరు?"

స్వప్న అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వచ్చి అత్త పక్కన కూర్చుంది. "నిలవడతదో లేదో చెప్పలేం జోస్నా," అంది. "కాని పక్కనే ఉండి చూసిన మనిషి ప్రమాణం చేసి రాసిస్తే, లేదని తోసెయ్యలేరు."

ఆదివారం పొద్దున మహిపాల్ కొత్త కుర్తా వేసుకుని కారు తాళాలు ఊపుతూ వచ్చాడు. "అమ్మా, తయారైనవా? మంత్రిగారి మనిషి గూడ వస్తుండు."

"నేను రాను."

"గదేందే! అందరు అడుగుతరు. ఏం చెప్పాలె?"

"వంటపనిల ఉన్నదని చెప్పు. నమ్ముతరు."

మహిపాల్ స్వప్న వైపు చూశాడు. స్వప్న కూడా ఇంటి చీరలోనే ఉంది. "రేపటి పిటిషన్ అయిందా?" అన్నాడు.

"కాలే. ఇంకొక పని ఉన్నది. అది మీరే రాసుకోండి," అంది స్వప్న.

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఫోన్ మోగడంతో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. కారు సందు మలుపు తిరిగాక స్వప్న భోజనాల బల్ల మీద గిన్నెలన్నీ పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. పైన అఫిడవిట్ అని కొట్టింది. పేరు, వయసు, చిరునామా రాసింది. వృత్తి దగ్గర అలవాటుగా గృహిణి అని కొట్టి, అత్త మొహం చూసి, చెరిపేసింది.

"మొదలు ఏం రాయాలె అత్తమ్మా? మామయ్య సంగతా?"

"కాదు. ఆ కాగితం నేను చదివిన అని రాయి. భూమి ఎలీశమ్మోళ్ళదని నాకు తెల్సు, అబద్ధం చెప్తున్నడని తెల్సు, తెలిసి నోరు మూసుకున్న అని రాయి. ఆయన సంగతి దాని కింద."

స్వప్న వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "గిట్ల రాస్తే మొదలు మీకే చుట్టుకుంటది. మోసంల మీరు గూడ ఉన్నరంటరు అత్తమ్మా."

"ఉన్న గద. నేను చదివిందంత యాభై ఏండ్లు ఆయన పేరు మీదనే పోయింది. గిదొక్కటి నా పేరు మీద రానియ్."