ఏది ముందు, ఏది తర్వాత

ఆసుపత్రి రికార్డుల గదిలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న గుమస్తాను అందరూ ఫైళ్లక్క అంటారు. ఒక రోగి చరిత్ర ఏ పాత రోగి చరిత్రను పోలి ఉందో చెప్పే ప్రోగ్రాం రాయడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి ఆవిడ పక్కనే బల్ల వేసుకుంది.

ఆ వారం వార్డులో కుట్టుపని చేసే ఒకామె చేరింది. మొదట కడుపునొప్పికి ఒక డాక్టరుకి, తర్వాత రక్తం తగ్గిందని ఇంకో డాక్టరుకి చూపించుకుంది. ఇప్పుడు కుడి మణికట్టు వాలిపోయి కత్తెర పట్టలేకపోతోందని మూడో డాక్టరు దగ్గరికొచ్చింది. ఇంజనీరు ఆమె వివరాలు ప్రోగ్రాంకి ఇచ్చింది.

"కడుపులో పుండున్నవాళ్లతో కలిసిందక్కా! నూటికి ఎనభై ఆరు" అంది మురిసిపోతూ.

ఫైళ్లక్క కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగింది.

"తొందరపడకు తల్లీ. కడుపునొప్పి, రక్తం తగ్గడం వాళ్లకీ ఉన్నాయి, నిజమే. కానీ వాళ్లకి నొప్పి వచ్చిన వారానికే రక్తం తగ్గింది. ఈమెకి ఐదు నెలలు పట్టింది. ఇంకో నాలుగు నెలలకి చెయ్యి వాలింది. ముగ్గురు డాక్టర్లు మూడు ముక్కలు చూశారు. నీ కంప్యూటరూ ముక్కలే లెక్కపెడుతోంది. ఏది ముందు, ఏది తర్వాత, మధ్యలో ఎన్నాళ్లు, అది చూడమను."

ఇంజనీరు రెండు రోజులు తల వంచుకుని లెక్క మార్చింది. ఈసారి అందరికన్నా పైకి తేలింది పదకొండేళ్ల కిందటి పెయింటరు. అదే వరస, ఇంచుమించు అంతే ఎడం. పాత రంగులు గీకి గీకి ఒంట్లోకి సీసం ఎక్కించుకున్న మనిషి.

ఫైళ్లక్క ఆ కాగితం పట్టుకుని నేరుగా పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది.

"బట్టలు కుట్టేవాళ్లకి సీసం ఎక్కణ్నుంచి వస్తుందమ్మా?" అన్నాడాయన.

"అది ఆవిణ్నే అడుగుదాం సార్. మీరు రక్తపరీక్ష రాయండి. తప్పయితే మాట నేను పడతాను."

అడిగితే బయటపడింది. ఆమె భర్త ఏడాదిగా పాత బ్యాటరీలు విప్పి, కుట్టుమిషనున్న గది పక్కనే సీసం కరిగిస్తున్నాడు. పరీక్షలో ఆమె రక్తంలో సీసం దొరికింది. అతని రక్తంలో ఇంకా ఎక్కువే ఉంది. ఇద్దరికీ మందులు మొదలుపెట్టారు, పొయ్యి ఆర్పించారు. నాలుగు నెలలకి ఆమె చెయ్యి పైకి లేచింది.

ఈలోగా ఇంజనీరు ఆ వరసను రికార్డులన్నిటి మీదా నడిపింది. ఆ కుట్టుపనామె వీధివాళ్లే ఇద్దరు తేలారు, ఇంకా కడుపునొప్పి దగ్గరే ఉన్నవాళ్లు. పెద్ద డాక్టరు ఈసారి మారు మాట్లాడకుండా పరీక్షలు రాశాడు. ఫైళ్లక్క ఆ ఇద్దరిలో ఒకావిడకి ఫోను చేసింది.

"రేపు పొద్దున్నే ఒకసారి రక్తపరీక్షకి రండమ్మా" అంది. "భయపడాల్సిందేం లేదు. ఏమైనా ఉంటే ముందే పట్టుకుంటాం."