దోమల కుండ

సుల్తానాబీ పెరటి తొట్టిలో తేలే అంతరతామర మొక్కను నీళ్లలోంచి ఎత్తి వేళ్లను ఎండకేసి పట్టుకుంది. జుట్టులా వేలాడుతున్న ఆ వేళ్లకు అక్కడక్కడ ఆవగింజంత చేపగుడ్లు అంటుకుని ఉన్నాయి. తెల్లగా పాలిపోయినవాటిని గోటితో గిల్లి పారేసింది. ఉంచితే బూజు పక్కవాటికీ పాకుతుంది. మిగిలినవి నీటిబొట్టులా తేటగా ఉన్నాయి. కొన్నింటిలో రెండు నల్లటి కళ్లు కనిపిస్తున్నాయి, ఇవాళో రేపో పగిలేలా. వాటిని వేళ్లతో సహా తెంపి మట్టిమూకుట్లోకి మార్చింది. తొట్టిలోనే వదిలేస్తే పిల్లలు బయటికి రాగానే పెద్ద చేపలే మింగేస్తాయి.

పెద్ద చేపలంటే వేలెడంత. నెత్తిమీద వెండిచుక్క మెరుస్తూ నీటి పైపైనే తిరుగుతాయి. దోమపిల్ల కదిలిందంటే ఒక్క గుటక. వనపర్తి దవాఖాన వాళ్లు వీటిని ఊరి బావుల్లో వేయిస్తున్నారు. పెంచే పని సుల్తానాబీది.

ఆమె భర్త మౌలాలి బతికినన్నాళ్లూ తోలుసంచిలో ఇళ్లకు నీళ్లు మోశాడు. ఆ సంచి పట్టీ ఒరిపిడికి అతని కుడిభుజం నల్లగా కాయకట్టి ఉండేది. ఒక వానకాలం చలిజ్వరం అతన్ని తీసుకుపోయింది. అంతకుముందే ఇద్దరు మగపిల్లలను ఉయ్యాలలోంచే తీసుకుపోయింది. వాళ్ల పేర్లు ఆమె ఎవరి ముందూ ఎత్తదు. జ్వరం దోమల వల్ల వస్తుందని, ఈ చేపలు దోమపిల్లలను తింటాయని కాంపౌండర్ దేవరాజు చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. కడుపు గడవాలి కాబట్టి ఒప్పుకుంది. నమ్మకం తర్వాత, ఒక్కో వాడలో జ్వరం తగ్గడం చూశాక కుదిరింది. అప్పటినుంచీ బావిలో చేపను వదిలిన ప్రతిసారీ పెదవి కదపకుండా "పో బిడ్డా" అనుకునేది.

చేపలకు తిండి కావాలి. అందుకని పెరటి మూలన ఒక కుండలో ఆకులు కుళ్లిన నీళ్లు ఉంటాయి. దోమలు గుడ్లు పెట్టేదాకా దాని మూతి తెరిచి ఉంచుతుంది. పిల్లలు మెలికలు తిరగడం మొదలుపెట్టగానే పాత చీరగుడ్డ బిగించి కట్టేస్తుంది.

ఇవాళ ఆ కుండ దగ్గరికి వెళ్లి కూర్చుని, తాడు విప్పబోయి ఆగిపోయింది. కట్టుకు కాస్త పైన గుడ్డ చిరిగి ఉంది, వేలు పట్టేంత. చిరుగు అంచున ఒక దోమ రెక్కలు ఆరబెట్టుకుంటున్నట్టు కదలకుండా కూర్చుంది. చేయి ఎత్తేలోగా లేచి ఇంట్లోకి పోయింది.

ఇంట్లో కూతురు షాహెదా పడుకుని ఉంది. తొలి కాన్పుకని కల్వకుర్తి నుంచి పుట్టింటికి వచ్చింది. వచ్చేటప్పుడు నవ్వుతూ బండి దిగింది. జ్వరం ఇక్కడికి వచ్చాకే మొదలైంది.

సుల్తానాబీ కొత్త గుడ్డ కట్టింది. చేపల ముంత చంకన పెట్టుకుని నాగన్న బావికి బయలుదేరింది. దారంతా ఆమె కళ్లముందు ఆ చిరుగే. నిన్న చిరిగిందా? షాహెదా రాకముందే చిరిగి ఉందా?

నాగన్న బావి కింద సేద్యం చేసే మనిషి. మోట ఆపి ఎదురొచ్చాడు.

"సుల్తానమ్మా, నీ చేపలు పడ్డంక మా ఇంట్ల ఎవ్వరికీ జరం రాలే. బిడ్డకెట్లుంది?"

"దినం తప్పి దినం వస్తది. ఇయ్యాల లేదు."

"గంత మందికి మేలు చేస్తున్నవు. దేవుడు నీ దిక్కు చూడకపోతడా!"

ఆమె ముంత వంచింది. చేపలు నీళ్లలో పడి చెదిరిపోయాయి. ఈసారి మనసులో ఏ మాటా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి అల్లుడు అబ్దుల్ హమీద్ పెరట్లో ఉన్నాడు. కబురు అంది, పొద్దున్నే మోటారు బస్సెక్కి వచ్చాడట. షాహెదా గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం పసుపు పూసినట్టు ఉంది.

"చలిజరం గోలీలు దొరుకుతలేవా అత్తా?"

"అయిపోయినయంట బిడ్డా. అన్నీ లడాయిల సిపాయిలకే పోతున్నయంట."

"పరేషాన్‌గ ఉంది. తొలి కాన్పు తల్లిగారింట్లనే కావాలంటది మా అమ్మ. తీస్కపోవాల్నా, ఉంచాల్నా, సమజైతలేదు."

"నేను రాను. అమ్మ దగ్గర్నే ఉంట," అంది షాహెదా.

హమీద్ మూల వైపు చూశాడు. "గా కుండల ఏముంది?"

"చేపలకేసే దోమపిల్లలు. బట్ట కట్టే ఉంటది. ఒక్కటి బయటికి రాదు," షాహెదాయే చెప్పింది, తల్లి పనితనం తనదే అయినట్టు.

అతను తలాడించాడు. నమ్మాడు. సుల్తానాబీ ఊరుకుంటే ఆ మాట అక్కడితో ముగిసేది.

"బట్ట చినిగింది," అంది ఆమె.

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"ఎన్నడు?" హమీద్ అడిగాడు.

"తెల్వదు బిడ్డా. పొద్దుగాల చూసిన." వంగి కూతురి నుదురు తాకి చూసింది. "తీస్కపో. ఇయ్యాల జరం లేదు, బండి కుదుపులు ఓర్చుకుంటది. గిప్పుడే పోతే మోటరు అందుతది."

"నన్ను ఎల్లగొడ్తున్నవా అమ్మా?" షాహెదా గోడ పట్టుకుని లేచింది. "గా కుండ పారబొయ్యరాదు!"

"పారబోస్త. బయటికొచ్చిన దోమల్ని ఏడికెళ్లి ఏరుకరావాలె?"



హమీద్ బండి మాట్లాడుకొచ్చాడు. అతను అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేదేమో. కూతురిని చంకల కింద పట్టి బండెక్కించింది. ఆ ఒంట్లో బరువంతా కడుపులోనే ఉన్నట్టుంది. లోపలికి పరుగెత్తి, జ్వరం వచ్చినప్పుడల్లా కప్పుతున్న బొంత తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. షాహెదా దాన్ని ముట్టుకోలేదు. హమీద్ మెల్లగా తీసి గడపమీద పెట్టాడు. "మా ఇంట్ల ఉన్నయి అత్తా."

బండి మలుపు తిరిగింది. షాహెదా ముసుగు ముందుకు లాక్కుంది గానీ వెనక్కి చూడలేదు.

సుల్తానాబీ కుండను ఎత్తి పెరట్లో గుమ్మరించింది. నీళ్లు ఇంకిపోయాయి. దోమపిల్లలు బురదలో కాసేపు మెలికలు తిరిగాయి. చీమలు వచ్చాయి. మూకుట్లో నూలుపోగు ముక్కలాంటిదేదో చటుక్కున కదిలింది. మరొకటి. గుడ్లు పగులుతున్నాయి. వాటి నోటికి పట్టే దోమపిల్లలు ఇప్పుడు లేవు. షాహెదా ముట్టని ఉడికిన కోడిగుడ్డు పెరటి పొయ్యి పక్కన ఉంది. దాని సొన పిసరంత తీసి, గుడ్డలో వడగట్టి నీళ్లలో పిండింది. పసుపుపచ్చని మబ్బు లేచింది. నూలుపోగులు అటు తిరిగాయి.

ఎండ వాలింది. ఆమె చేతులు తుడుచుకుని గడప దగ్గరికి వచ్చి, లోపలికి పోలేక బయటే కూర్చుంది. గడపమీద బొంత హమీద్ పెట్టిన మడతతోనే ఉంది. దాని నడుమ నిన్నటి జ్వరం చెమట ఇంకా ఆరలేదు.