చేసుకోవచ్చు

మా ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం లామినేషన్. ఈ దేశం రాకముందు పదకొండేళ్లు జిరాక్స్ షాపు నడిపారు. షాపు అమ్మేశారు గానీ లామినేషన్ మెషీన్‌ని మాత్రం వదల్లేక, సూట్‌కేసులోంచి నా చీరలు నాలుగు తీయించి మరీ వెంట తెచ్చుకున్నారు. మా ఇంట్లో ప్లాస్టిక్ ఎక్కని కాగితం లేదు. మా అమ్మాయి ఒకటో తరగతి మార్కుల నుంచి వాషింగ్ మెషీన్ వారంటీ కార్డు దాకా అన్నీ తళతళలాడుతుంటాయి. కాగితం అన్నాక చిరుగుతుంది, తడుస్తుంది, ఎలక కొడుతుంది అని ఆయన బెంగ. ఆ బెంగే ఒక ఆదివారం మధ్యాహ్నం మా కొంప ముంచింది.

నేను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. ప్లాస్టర్ అచ్చు మీద మైనం పట్టించి, అందులో ఒక్కో పన్నూ అమర్చి, పైవరసా కిందివరసా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటం నా పని. ఈ దేశంలో ఉండి పనిచేసే పర్మిట్ నా పేరు మీదే ఉంది. ఆయనా, పిల్లా నా వెనకాల వచ్చినవాళ్లు. ఆ పర్మిట్ గడువు శనివారంతో తీరింది. అంతకు మూడు వారాల ముందే రెన్యువల్‌కి పెట్టాం. కొత్త కార్డు ఇంకా రాలేదు గానీ రసీదు వచ్చింది, ఒక్క కాగితం. నిర్ణయం తేలేదాకా ఇదే ల్యాబులో ఇదే పని చేసుకోవచ్చని అందులో ఉంది. కింద ఆరు గళ్లున్నాయి. నెలకో గడిలో ల్యాబువాళ్ల సంతకం, ముద్ర పడాలి.

అది వచ్చిన రోజు ఆయనే చదివి, "పని చేసుకోవచ్చట" అన్నారు. నాకు సగం ధైర్యమే వచ్చింది. సాయంత్రం వాన రావచ్చు అంటాం, రాకపోవచ్చు కూడా. ఇదీ ఆ బాపతు 'వచ్చు' అనుకున్నాను. ఎవరైనా వచ్చి ఇంక లేవమంటే లేవాలేమో అన్నట్టు, అప్పటి నుంచీ కుర్చీ అంచునే కూర్చుని పళ్లు అమర్చాను.

ఆదివారం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి రసీదు ప్లాస్టిక్‌లో ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇంక పదేళ్లయినా చెక్కుచెదరదు" అన్నారాయన. అబద్ధమెందుకు, నేనూ బాగుందనే అన్నాను.

సోమవారం పొద్దున్నే మొదటి గడిలో ముద్ర కోసం దాన్ని ల్యాబు ఆఫీసు గదిలో ఇచ్చాను. అక్కడ కాగితాల వ్యవహారమంతా చూసే ఆవిడకి నేను ఫైళ్లమ్మ అని పేరు పెట్టుకున్నాను. చెడ్డమనిషి కాదు. కానీ కాగితం సరిగ్గా ఉంటేనే ఆవిడకి మనిషి కనిపిస్తుంది. ముద్ర తీసి గట్టిగా గుద్దింది. సిరా ప్లాస్టిక్ మీద నిలవలేదు, పక్కకి జారింది. టిష్యూతో తుడిచి మళ్లీ గుద్దింది, మళ్లీ జారింది. అప్పుడు కాగితం తిరగేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఆఖరి వాక్యం మీద వేలు పెట్టింది. 'ఈ పత్రాన్ని లామినేట్ చేయరాదు.' ఆ వాక్యాన్ని కూడా మా ఆయన పదేళ్లయినా చెక్కుచెదరకుండా భద్రపరిచారు.

"గడిలో ముద్ర లేకుండా నేను మిమ్మల్ని పనిలో కూర్చోబెట్టలేను" అంది ఫైళ్లమ్మ. "ఇంకో కాపీకి పెట్టుకోండి. ఆరు వారాలు పడుతుంది."

"దయచేసి పని చేసుకోనివ్వండి" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. ల్యాబు యజమాని, పెద్దాయన, మాటలు విని లోపలి నుంచి వచ్చాడు. ఆయన మాట్లాడేదే తక్కువ. రెండు వారాలైతే ఎలాగోలా చూస్తానన్నాడు. ఆరు వారాలంటే నా కుర్చీలో ఇంకొకర్ని పెట్టక తప్పదన్నాడు. కుర్చీ పోతే దరఖాస్తూ పోతుంది, ఎందుకంటే అది ఈ ల్యాబు పేరు మీద పెట్టింది. దరఖాస్తు పోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి.

నా బల్ల మీద ఒక ముసలాయన పళ్ల సెట్టు సగంలో ఉంది. ఆయనకి ముందు పన్ను ఒకటి కొంచెం వంకరగా ఉండేదట. కట్టుడు పన్ను కూడా అలాగే వంకరగా పెట్టమన్నాడు, లేకపోతే మా ఆవిడ నన్ను గుర్తుపట్టదని. తిన్నగా ఎవరైనా పెడతారు, సరైన వంకర పెట్టడం కష్టం. ఆ సెట్టు మీద తడిగుడ్డ కప్పి ఇంటికొచ్చేశాను.

దారంతా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, "వేడి తగిలిస్తే ఊడొస్తుంది, ముందు వేరేదాని మీద చూస్తాను" అని గోడ మీంచి ఒక ఫ్రేము దించారు. అది ఆయన షాపు లైసెన్సు, ఆ మెషీన్ మీద లామినేట్ చేసిన మొట్టమొదటి కాగితం. గుడ్డ పరిచి, పైనుంచి ఇస్త్రీపెట్టె ఆనించి, అంచు పట్టుకుని మెల్లగా లాగారు. ప్లాస్టిక్ ఊడింది. దాంతోపాటు అక్షరాలూ ఊడి వచ్చాయి. కాగితం మీద షాపు పేరులో సగం మిగిలింది.

ఆయన దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నారు. "నీ కాగితం ఇంక జన్మలో ముట్టుకోను" అన్నారు. నా కోపం అక్కడితో చల్లారింది. ఆయన మీద జాలేసింది, నా మీద నాకే చిరాకేసింది. ఇన్నాళ్లూ ఆ రసీదుని ఆయన నోటి నుంచి వినడమే గానీ నేనై చదివింది లేదు.

కిటికీ దగ్గర కూర్చుని చదివాను. ఇక్కడి భాష నాకు మెల్లగా చదివితే అర్థమవుతుంది. నాలుగో వాక్యం దగ్గర ఆగాను.

"ఏమండీ, ఈ మాటకేనా మీరు 'చేసుకోవచ్చు' అని చెప్పింది?"

"అదే. ఏం, తప్పా?"

"తప్పు కాదు. కానీ వాన రావచ్చు అనడానికి వీళ్లు ఈ మాట వాడరు. దానికి వేరే మాట ఉంది. ఇది లోపలికి రావచ్చు అన్నప్పటి 'వచ్చు'."

"మనకి రెండింటికీ ఒకటేగా" అన్నారాయన.

"అదే నా ఏడుపు."

వాక్యం మొత్తం ఆయనకి చదివి వినిపించాను. గడువు తీరకముందే దరఖాస్తు పెట్టినవారు నిర్ణయం వచ్చేవరకు అదే పని చేసుకోవచ్చు, ఈ పత్రం అందుకు రుజువు మాత్రమే. అంటే నన్ను పనిచేయనిచ్చేది ఈ కాగితం కాదు. మూడు వారాల ముందు నేను దరఖాస్తు పెట్టిన ఆ తారీఖు. దాన్ని ఏ మెషీన్‌లో పెట్టినా ఏమీ కాదు.

మంగళవారం పొద్దున మళ్లీ ఫైళ్లమ్మ ముందు నిలబడ్డాను. ఈసారి దయచేసి అనలేదు. "నేను పని చేసుకోవచ్చు. మీరే పర్మిట్ ఆఫీసుని అడగండి" అన్నాను.

"వాళ్లు ఫోన్ ఎత్తరు."

"ఎత్తేదాకా కూర్చుంటాను."

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. నలభై నిమిషాలు ఒకటే సంగీతం వినిపించింది. మధ్యలో పెద్దాయన వంకర పన్ను సెట్టు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నిన్న సాయంత్రం తనే కూర్చుని ఆ పన్ను అమర్చి చూశాడట.

"తిన్నగా వచ్చింది" అన్నాడు దిగులుగా.

అప్పుడే అవతల ఎవరో ఎత్తారు. ఫైళ్లమ్మ దరఖాస్తు నంబరు చెప్పి, అంతా వివరించి, లామినేషన్ సంగతి రెండుసార్లు చెప్పింది. అవతలి గొంతు ఒకటే అడిగింది.

"దరఖాస్తు గడువు లోపల అందిందా?"

"అందింది."

"అయితే ఆమె పని చేసుకోవచ్చు. ముద్ర పడదనే లామినేట్ చేయొద్దంటాం. విడి కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి, రసీదుతో కలిపి ఉంచండి."

"ఇదే రాసి పంపుతారా?" అంది ఫైళ్లమ్మ. ఆవిడ ఆవిడే మరి. పావుగంటలో మెయిల్ వచ్చింది. దాన్ని పైనుంచి కిందికీ, కింది నుంచి పైకీ చదివి, కళ్లజోడు తీసి నావైపు చూసింది.

"అంటే నిన్న కూడా మీరు పని చేసుకోవచ్చన్నమాట."

"నిన్న కూడా" అన్నాను.

ఆవిడ హాజరు పుస్తకం తెరిచి, సోమవారం నా పేరు పక్కన పెట్టిన అడ్డగీత కొట్టేసి, 'హాజరు' అని రాసింది. క్షమించమని అనలేదు. నాకు ఆ కొట్టివేతే చాలు. తర్వాత తెల్లకాగితం మీద ముద్ర గుద్దింది. సిరా కాగితంలోకి ఇంకి అక్కడే ఉండిపోయింది.

నా బల్ల దగ్గరికి వెళ్లి స్పిరిట్ దీపం వెలిగించాను. మైనం కొంచెం మెత్తబడగానే ఆ తిన్నటి పన్నుని ఒక వెంట్రుకవాసి పక్కకి తిప్పాను. పెద్దాయన వెనకాల నిలబడి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. ఈ పని నాకు వచ్చు. ఆ 'వచ్చు' మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. 'చేసుకోవచ్చు'లోని 'వచ్చు' మీద కూడా ఇప్పుడు లేదు. రసీదు వచ్చాక మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మెషీన్ అట్టపెట్టెలోకీ, అట్టపెట్టె అటక మీదికీ చేరిపోయి ఉన్నాయి. గోడ మీద లైసెన్సు ఉండే చోట మేకు ఒక్కటే మిగిలింది. రసీదూ, దానికి పిన్ను కొట్టిన తెల్లకాగితమూ బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన తువ్వాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకున్నారు. రెండడుగుల దూరంలోనే ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి ఆ ముద్రని చదివారు.

"ముట్టుకోవచ్చా?" అన్నారు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ముట్టుకోవచ్చు" అన్నాను. "ముట్టుకోవడం వరకే."