లక్ష్మణమ్మ కొసరు

ఇంటర్వ్యూల్లో ఓ పనికిమాలిన ప్రశ్న ఉంటుంది. నీలో ఉన్న లోపం ఏమిటి అని. జీతం ఇచ్చేవాడి ముందు తన లోపం చెప్పుకునే వెర్రివాడు ఎవడుంటాడు? అందుకే నరసన్నపేటలో నా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో దానికో విరుగుడు నేర్పుతాను. ఉన్న మంచి గుణాన్నే హద్దు దాటించి లోపంగా చెప్పెయ్యడం. ఇంగ్లీషువాడికి ఇలాంటి మాటలు బోలెడు. పనిచేస్తే ఎముకలు తేలేదాకా, విసుగు పుడితే చచ్చేదాకా. నిజాయితీ ఎక్కువైతే ఆనెస్ట్ టు ఎ ఫాల్ట్.

దేవికి నేను బోర్డు మీద రాసిచ్చిన వాక్యం, ఐ యామ్ జెనరస్ టు ఎ ఫాల్ట్. తప్పనిపించేంత పెట్టే గుణం అన్నమాట.

దేవిది శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు ఊరు. విశాఖలో ఒక పెద్దాసుపత్రి రిసెప్షన్ ఉద్యోగానికి రెండుసార్లు వెళ్లి వచ్చింది. మూడోసారి కూడా తప్పితే ఇక పిలవరు. మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి ఏం చేసిందో తెలుసా? బయట బెంచీ మీద వణుకుతున్న నీలవేణి అనే పిల్లకి ఈ వాక్యం నేర్పి, ముందు లోపలికి పంపింది. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది. వెనక వెళ్లిన మన మహాతల్లి అదే మాట మళ్లీ చెప్పలేక బిక్కమొహం వేసుకుని వచ్చింది.

"బుద్ధుందా నీకు?" అన్నాను.

"ఆ పిల్ల ఏడుస్తన్నాదండి మేస్టారూ. సూస్తూ ఎలాగ ఊరుకుంతాను?"

వారం రోజులు దాంతో సరిగ్గా మాట్లాడలేదు నేను.

ఆ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. వాళ్లమ్మ లక్ష్మణమ్మ మా బజారులోనే చేపల తట్ట పెడుతుంది. బేరం తెగాక కొసరు అందరూ వేస్తారు. ఈవిడ కొసరు వేశాక కూడా, సంచి మూసుకుని వెళ్లిపోతున్నవాణ్ణి వెనక్కి పిలిచి ఇంకో గుప్పెడు నెత్తళ్లు వేస్తుంది. వద్దన్నా వినదు.

మూడో ఇంటర్వ్యూ ఫోన్లో, వీడియోలో. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు కాబట్టి నా క్లాసుగదిలోనే పెట్టాం. నిఘంటువుకి ఫోను ఆనించి దేవిని కూర్చోబెట్టాను. నేను బోర్డు పక్కన నిలబడ్డాను. అన్నీ బాగానే చెప్పింది. ఆ ప్రశ్న రానే వచ్చింది. వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పింది.

"అందరూ ఇదే చెబుతున్నారు. ఒక ఉదాహరణ చెప్పు," అన్నాడు ఫోన్లో ఆసుపత్రి ఆయన, ఇంగ్లీషులో.

ఉదాహరణ నేను నేర్పలేదు. తప్పు నాదే. దేవి నా వైపు చూసింది.

బజారు ముగించుకుని వచ్చి గుమ్మంలో కూర్చున్న లక్ష్మణమ్మ లేచింది. "ఏటడుగుతన్నాడండి మేస్టారూ? గుంట నోరిప్పటం నేదేటి?"

నోటి మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడకి అర్థమైంది ఒక్కటే. ఫోన్లో ఎవరో పెద్దాయన ఉన్నాడు, తన కూతురు ఆయన్ని ఏదో అడుగుతోంది. ఉత్త చేతులతో అడగడం ఆవిడకి అలవాటు లేదు. నాకోసం పక్కన పెట్టిన చేపని తట్టలోంచి తీసి, తిన్నగా వచ్చి ఫోను ముందు ఎత్తి పట్టుకుంది.

"తాజా సందువ బాబూ. మేస్టారికని ఉంచాను. మీకంపుతాను, తినండి. మా గుంట బయపడతన్నాది గానీ తెలివైంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లంచం అనుకుంటే ఏం గతి? ఫోను ఆపెయ్యాలని చెయ్యి చాపాను. దేవి నా చెయ్యి పక్కకి తోసేసింది.

"సార్, ఉదాహరణ ఇదే. మా అమ్మ," అంది ఇంగ్లీషులో, కూడబలుక్కుంటూ. "దీనికోసం రోజూ అమ్మతో దెబ్బలాడతాను. కానీ నాకూ ఇదే జబ్బు. పోయినసారి మీ బెంచీ మీద నా జవాబు వేరే అమ్మాయికి ఇచ్చేశాను. తను ఇప్పుడు మీ కౌంటర్లో ఉంది."

"బాధపడ్డావా?"

"రెండు రోజులు ఏడిచాను సార్. కానీ రేపు ఇంకొకరు అలా వణుకుతుంటే మళ్లీ చెబుతాను."

ఆ మాటల్లో నాలుగు చోట్ల వ్యాకరణం తప్పింది. ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అంత మంచి ఇంగ్లీషు నేను వినలేదు. ఆయన నవ్వి, తెలుగులోకి దిగాడు.

"అమ్మా, చేప మీ మాస్టారికే ఇవ్వండి."

పది రోజులకి ఉద్యోగం ఉత్తర్వు వచ్చింది. చేరిన రెండో వారంలో దేవి ఫోను చేసింది.

"మేస్టారూ, ఇక్కడ ఇంకో పోస్టు ఉన్నాది. మన క్లాసులో దుర్గాభవాని ఉన్నాది కదండీ, దానికి ఫోనివ్వండి. ఈళ్లు ఏటేటి అడుగుతారో నాను సెప్తాను."

"ఒసే, నీ కుర్చీ ఇంకా వెచ్చబడనే లేదు. అప్పుడే ఊరందరి సంగతీ నీకెందుకే?" అని కసిరాను.

బోర్డు మీద ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది. దాన్ని తుడిచేసి, దుర్గాభవానిని పిలిచి ఫోను చేతికిచ్చాను.